రోడ్డు బైకుకు కొత్త టైర్లు: ఆరు స్పోర్ట్ టూరింగ్ జతల సమీక్ష

బైకు టైర్లు మార్చాల్సి వచ్చినప్పుడు ఎక్కువమంది అడిగేది ఒకటే: "దేనికి గ్రిప్పు ఎక్కువ?" ఆ ప్రశ్న సగమే. ఎంత వేడి మీద, తడిలోనా పొడిలోనా, కొత్తలోనా సగం అరిగాకా అన్నవి కూడా కలిపి అడిగితేనే దుకాణంలో పనికొచ్చే జవాబు దొరుకుతుంది. ప్రతి రబ్బరు మిశ్రమానికీ తను బాగా పనిచేసే ఉష్ణోగ్రత ఒకటుంటుంది. రేసు ట్రాక్ కోసం చేసిన టైరు బాగా కాగితే తప్ప పట్టు ఇవ్వదు. సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ ఇరవై నిమిషాల్లో ఇల్లు చేరే బైకు మీద ఆ వేడి పుట్టదు. అందుకే చలి ఉదయం తడి రోడ్డు మీద పిరెల్లి డయాబ్లో సూపర్‌కోర్సా లాంటి టైరు, కొత్తదైనా సరే, సగం అరిగిన మంచి స్పోర్ట్ టూరింగ్ టైరు కన్నా ముందే జారుతుంది.

మా తీర్పు సూటిగా చెప్తాం. రోజూ పనికి వెళ్లడం, సెలవు రోజున ఘాట్ రోడ్డు ఎక్కడం, అప్పుడప్పుడు సామాను కట్టుకుని దూరం పోవడం ఒకే బైకు మీద చేసేవాళ్లకు స్పోర్ట్ టూరింగ్ టైరే సరైనది. 17 అంగుళాల చక్రాల బైకులకు ఈ తరగతిలో దొరికే ఆరు జతలను ఇక్కడ పోల్చాం: మిషెలిన్ రోడ్ 6, పిరెల్లి ఏంజెల్ జీటీ 2, మెట్జెలర్ రోడ్‌టెక్ 01 ఎస్ఈ, బ్రిడ్జ్‌స్టోన్ బ్యాట్‌లాక్స్ టీ32, కాంటినెంటల్ రోడ్‌అటాక్ 4, డన్‌లప్ రోడ్‌స్మార్ట్ 4. వీటిలో చెడ్డది లేదు. కానీ ఒక్కోటి ఒక్కో రకం వాడకానికి ఎక్కువ నప్పుతుంది.

పేర్ల జోలికి వెళ్లే ముందు పాత టైరు సైడ్‌వాల్ (పక్క గోడ) మీద రాసింది చదవండి. ముందు టైరు మీద 120/70 జెడ్‌ఆర్ 17 58డబ్ల్యూ అని ఉందనుకుందాం. 120 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 70 అంటే ఆ వెడల్పులో ఎత్తు 70 శాతమని, అంటే 84 మి.మీ. జెడ్ అంటే గంటకు 240 కి.మీ. పైబడిన వేగానికి తగినదని. ఆర్ అంటే రేడియల్, లోపలి దారాల పొరలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నేరుగా సాగే రకం. ఆ చోట అడ్డగీత ఉంటే బయాస్, అంటే ఆ పొరలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటే రకం, బి ఉంటే బెల్టు వేసిన బయాస్. 17 రిమ్ము వ్యాసం, అంగుళాల్లో. 58 మోయగల బరువుకు గుర్తు, 236 కిలోలు. డబ్ల్యూ వేగానికి గుర్తు, గంటకు 270 కి.మీ. వెనక టైరు మీద 73 ఉంటే 365 కిలోలు, 69 ఉంటే 325 కిలోలు. వేగం అక్షరాల్లో ఎస్ 180, హెచ్ 210, వి 240.

మాన్యువల్‌లో ఇచ్చిన బరువు గుర్తు, వేగం గుర్తు కన్నా పైది వేసుకోవచ్చు, కిందిది వేసుకోకూడదు. "నేనెప్పుడూ అంత వేగం పోను కదా, హెచ్ సరిపోదా?" అని అడిగేవాళ్లుంటారు. సరిపోదు. ఆ అక్షరం వేగంతో పాటు, నిండు బరువుతో అదే పనిగా నడిచినప్పుడు పుట్టే వేడిని టైరు లోపలి పొరలు ఎంతవరకు తట్టుకుంటాయో కూడా చెబుతుంది. ఇద్దరు మనుషులు, మూడు సామాను పెట్టెలు, మిట్టమధ్యాహ్నం ఎండ, ఆపకుండా రెండు గంటల హైవే. తక్కువ రేటింగు టైరు దెబ్బతినేది అలాంటి చోటే.

వెడల్పు పెంచాలన్న మోజు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. డబ్బు పెట్టి మరీ బైకు నడకను పాడు చేసుకునేది ఎక్కువగా ఇక్కడే. 180/55 టైరుకు తగిన రిమ్ము 5.5 అంగుళాల వెడల్పుది. 160/60కి 4.5 అంగుళాలది. 5.5 రిమ్ము మీద 190 ఎక్కిస్తే అంచులు లోపలికి నొక్కుకుని, తయారుచేసినవాళ్లు గీసిన వంపు చెడిపోతుంది. వాల్చినప్పుడు నేలకు ఆనే భాగం వాళ్లు అనుకున్న చోట ఉండదు. చక్రం బరువు పెరుగుతుంది. వ్యాసం కూడా మారుతుంది: లెక్క వేస్తే 180/55 వ్యాసం 630 మి.మీ., 190/50 ది 622, 190/55 ది 641. చిన్న బైకుల మీద 140/70 తీసి 150/60 వేసేవాళ్లు ఇంకా ఎక్కువ నష్టపోతారు. వ్యాసం 628 నుంచి 612కి పడుతుంది. బైకు వెనకభాగం 8 మి.మీ. కిందికి దిగి, ముందు ఫోర్కు వాలు పెరిగి, మలుపులో హ్యాండిల్ బద్ధకంగా తిరుగుతుంది. వెనక చక్రం నుంచి లెక్క తీసుకునే స్పీడోమీటరు ఉన్నదాని కన్నా రెండున్నర శాతం ఎక్కువ చూపిస్తుంది. బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏబీఎస్, యాక్సిలరేటర్ తిప్పితే వెనక చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ రెండు చక్రాల వేగాలను పోల్చి చూసుకుని పనిచేస్తాయి కాబట్టి ఒక చక్రం వ్యాసం మారితే వాటి లెక్క కూడా తప్పుతుంది. వెడల్పు టైరు చైనుకో, స్వింగ్‌ఆర్మ్‌కో (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చట్రానికి) రాసుకోవడం అన్నిటికన్నా ప్రమాదం. కంపెనీ ఇచ్చిన సైజే వేయండి.

తయారైన తేదీ కూడా సైడ్‌వాల్ మీదే ఉంటుంది. డీఓటీ అని మొదలయ్యే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు: 2324 అంటే 2024వ సంవత్సరం 23వ వారం. ఎండ తగలకుండా చల్లటి గదిలో ఉంచిన టైరు ఏడాది, ఏడాదిన్నర పాతదైనా భయపడక్కర్లేదు. ఏళ్ల తరబడి దుకాణం అద్దాల వెనక ఎండలో నిలబెట్టిన టైరు మాత్రం తగ్గించి ఇచ్చినా వద్దనండి. రబ్బరు గట్టిపడితే బటన్ (గాడులున్న పై రబ్బరు) ఎంత లోతుగా ఉన్నా తడిలో పట్టు ఉండదు. వాడుకలో ఉన్న టైరును అయిదేళ్లు దాటాక ఏటా ఒకసారి విప్పి లోపలా బయటా చూపించాలి. పదేళ్లు దాటితే చూపించే పని లేదు, తీసేయాలి.

ఇక టైర్లు.

మిషెలిన్ రోడ్ 6 తడి రోడ్డు కోసమే కొనుక్కునే టైరు. దీని ట్రెడ్ (నేలకు ఆనే పైభాగం) నిండా కత్తితో కోసినట్టు సన్నటి చీలికలుంటాయి. పైన సన్నగా ఉండి లోపలికి పోయేకొద్దీ వెడల్పవుతాయి. కాబట్టి టైరు అరిగేకొద్దీ నీళ్లు పట్టే చోటు పెద్దదవుతుంది. కొత్తలో ఎంత భరోసాగా ఆగుతుందో, సగం అరిగాక దాదాపు అంతే భరోసాగా ఆగుతుంది. ఈ చీలికల పద్ధతి ముందుతరం రోడ్ 5 లోనే వచ్చింది. 5,000 కి.మీ. పైబడి నడిచిన రోడ్ 5, కొత్త పైలట్ రోడ్ 4 అంత దూరంలోనే తడిలో ఆగుతుందని కంపెనీ అప్పట్లో చెప్పుకుంది. 2022లో వచ్చిన రోడ్ 6 మిశ్రమంలో సిలికా పాలు బాగా ఎక్కువ, అందుకే చలిలో మొదటి కిలోమీటరు నుంచే పట్టు తెలుస్తుంది. వెనక టైరులో మధ్య రబ్బరు గట్టిది, భుజాల (ట్రెడ్ రెండు పక్కల) దగ్గరిది మెత్తది. ఆ మెత్తటి రబ్బరు కింద కూడా గట్టి రబ్బరు పొర సాగుతుంది కాబట్టి, మలుపు నుంచి బయటికొస్తూ గట్టిగా యాక్సిలరేటర్ తిప్పినా భుజం నలగదు. బైకు చురుగ్గా వాలుతుంది, బద్ధకపు టైరు మీద నుంచి వచ్చినవాళ్లకు మొదటి రోజు మరీ చురుకనిపించవచ్చు. లోపం ఎక్కడంటే, బాగా ఎండలో, పొడి ఘాట్ రోడ్డు మీద అదే పనిగా వేగంగా నడిపితే ఆ చీలికల మధ్య ముక్కలు కదులుతున్నట్టు కొంచెం మెత్తగా అనిపిస్తుంది. పట్టు పోదు గానీ చేతికందే సమాచారం తగ్గుతుంది. 250 కిలోలు దాటిన టూరింగ్ బైకుకు మామూలు రోడ్ 6 కాకుండా దాని జీటీ రకం అడగండి. తేలిక బైకుకు జీటీ వేయకండి, గట్టి పొరల వల్ల గతుకులన్నీ నడుముకు తగులుతాయి.

పిరెల్లి ఏంజెల్ జీటీ 2 స్వభావం వేరు. ఈ ఆరింటిలో స్పోర్ట్ టైరుకు దగ్గరగా నడిచేవాటిలో ఇదొకటి. 2019లో వచ్చినప్పుడు ట్రెడ్ మధ్యలో నిలువుగా సాగే రెండు గాడులు చూసి చాలామంది ఆశ్చర్యపోయారు. రేసుల్లో తడి ఆరుతున్న ట్రాక్ మీద వాడే ఇంటర్మీడియట్ టైర్ల నుంచి తీసుకున్న ఆలోచన అది. నిటారుగా వెళ్తున్నప్పుడు నీళ్లను తోసేసే పని ఆ గాడులు చూసుకుంటాయి, భుజాల దగ్గర రబ్బరు ముక్కలు పెద్దవిగా, కదలకుండా ఉంటాయి. ఫలితంగా మలుపులో ఒకసారి పెట్టిన గీత మీదే బైకు నిలబడుతుంది, వాల్చిన కొద్దీ ఒకే తీరుగా వాలుతుంది. ఎండలో ఘాట్ రోడ్లు ఎక్కువ తిరిగేవాళ్లకు రోడ్ 6 కన్నా ఇదే ముందు చెప్తాం. బరువైన బైకులకు దీనిలో ఏ అనే గుర్తుతో గట్టి రకం ఉంది. ఆర్డరు ఇచ్చేటప్పుడు ఆ అక్షరం స్పష్టంగా చెప్పకపోతే దుకాణంలో ఉన్నదేదో చేతికిస్తారు.

కాంటినెంటల్ రోడ్‌అటాక్ 4ది ఒక ప్రత్యేక గుణం. టైరును అచ్చులోంచి తేలిగ్గా తీయడానికి జారుడు పదార్థం పూస్తే, కొత్త టైరు దానివల్ల జారుతుంది. ఈ కంపెనీ అచ్చుకే పూత వేసి ఆ పదార్థం అవసరం లేకుండా చేసింది. టైరు పైపొర మొదటి నుంచీ గరుకుగా వస్తుంది. వెనక టైరులో రెండు మిశ్రమాలు అతికించకుండా, ఒకే రబ్బరును మధ్యలో ఎక్కువ, అంచుల్లో తక్కువ ఉడికించి మధ్య గట్టిగా, భుజాలు మెత్తగా వచ్చేట్టు చేస్తారు. గట్టి రబ్బరు నుంచి మెత్తదానికి మారే గీత ఎక్కడా ఉండదు, అందుకే వాల్చేటప్పుడు మధ్యలో తేడా తెలియదు. రోడ్డు గురించి చేతులకు చెప్పడంలో ఈ ఆరింటిలో మా ఓటు దీనికే.

బ్రిడ్జ్‌స్టోన్ టీ32 తడిలో బ్రేకు వేసినప్పుడు చూపించే నిబ్బరం మెచ్చుకోదగ్గది. ట్రెడ్ గాడుల వెడల్పు అలలా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, మధ్యలో నీటిని మళ్లించే చిన్న మెట్టు ఉంటుంది. లోపల నీరు నిలవకుండా వేగంగా బయటికి పోవడానికే ఆ ఏర్పాటు. ముందు టైరు మలుపు మొదట్లో నమ్మకం ఇస్తుంది. ఎక్కువ కిలోమీటర్లు రావాలన్నదే మొదటి కోరికైతే మాత్రం వేరేది చూడండి. రోడ్‌టెక్ 01 ఎస్ఈ నెమ్మదస్తుడు, ఏ బైకుకైనా సర్దుకుంటుంది, చల్లటి తడి రోడ్ల మీద తడబడదు. తర్వాతి తరం రోడ్‌టెక్ 02 వచ్చేసింది కాబట్టి 01 ఎస్ఈ కొనేటప్పుడు తయారీ వారం తప్పకుండా చూసుకోండి. మెట్జెలర్, పిరెల్లి ఒకే గూటివే. రోడ్‌స్మార్ట్ 4 దూరం పోయేవాళ్లది. పొరలు గట్టిగా ఉంటాయి, నిండు సామానుతో హైవే మీద ఊగదు, నెమ్మదిగా అరుగుతుంది. ఆ గట్టిదనం వల్లే ఒంటరిగా, ఖాళీ బైకు మీద, గతుకుల రోడ్డులో కాస్త బిరుసనిపిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు మొదటి కొన్ని కిలోమీటర్లు మిగతావాటి కన్నా ఓపిక పట్టాలి.

రేసు ట్రాక్ మీద నడపడానికి కూడా అప్పుడప్పుడు వెళ్లేవాళ్లుంటే ఒక మెట్టు పైకి, అంటే డయాబ్లో రోస్సో 4, బ్యాట్‌లాక్స్ ఎస్23 లాంటి రోడ్డు స్పోర్ట్ టైర్ల దాకా వెళ్లండి. అవి తడిలోనూ నడుస్తాయి, రోజూ వాడొచ్చు. త్వరగా అరుగుతాయన్నది తెలిసే కొనాలి. ఆ పై మెట్టు, రోడ్డు అనుమతి ఉన్న ట్రాక్ టైర్లు, రోజువారీ బైకుకు వద్దే వద్దు.

చిన్న బైకుల సంగతి. 100/80-17 ముందు, 130/70-17 లేదా 140/70-17 వెనక ఉన్న బైకులకు బయాస్ టైర్లే ఎక్కువగా వస్తాయి. బయాస్ అంటే తక్కువ రకమని చిన్నచూపు చూడనక్కర్లేదు. ఆ బైకు ఫ్రేము, సస్పెన్షన్ ఆ టైరు సైడ్‌వాల్ గట్టిదనాన్ని లెక్కలో పెట్టుకునే కుదిరాయి. బ్రిడ్జ్‌స్టోన్ బీటీ46, పిరెల్లి స్పోర్ట్ డెమన్, మిషెలిన్ పైలట్ స్ట్రీట్ 2 ఈ సైజుల్లో చూడదగ్గవి. తడి రోడ్ల కోసం బీటీ46 మా మొదటి ఎంపిక, వెనక టైరు మిశ్రమంలో సిలికా చేర్చడంతో పాత బీటీ45 కన్నా వానలో బాగా మెరుగైంది. రేడియల్‌కు మారాలనుంటే బైకు కంపెనీ ఆ సైజులో రేడియల్‌ను ఒప్పుకుంటేనే మారండి, మారితే రెండు చక్రాలకూ మారండి. ముందు రేడియల్, వెనక బయాస్ పెడితే రెండు చివరలూ వేర్వేరు తీరుల్లో వంగి, వేగంలో బైకు అల్లాడుతుంది. స్పోకుల చక్రానికి ట్యూబు వాడేవాళ్లు టైరుతో పాటు ట్యూబు, రిమ్ము టేపు కూడా కొత్తవి వేయించాలి. పాత ట్యూబు సాగిపోయి ఉంటుంది, కొత్త టైరులో మడత పడి అక్కడే తెగుతుంది.

రెండూ మార్చాలా, ఒకటి చాలా? వెనక టైరు రెండు అరిగేసరికి ముందుది ఒకటి అరగడం మామూలే. ముందు టైరు అదే మోడలై, సమంగా అరిగి, సగం పైన బటన్ మిగిలి ఉంటే వెనకది ఒక్కటే మార్చుకోవచ్చు. ముందు టైరు భుజాలు అరిగి కోసుగా తేలినా, ముక్కల అంచులు ఎగుడుదిగుడుగా అరిగినా జత మార్చేయండి. కొత్త గుండ్రటి వెనక టైరు వాలాలనుకుంటుంది, అరిగిన ముందు టైరు ఎదురు తిరుగుతుంది. అది బైకు లోపమనుకుని సస్పెన్షన్ స్క్రూలు తిప్పుతూ కూర్చునేవాళ్లను చూస్తుంటాం. రెండు కంపెనీల టైర్లు కలపడం చట్టం ఒప్పుకునే చోట కూడా మంచి పద్ధతి కాదు. ఒక జత ముందు, వెనక టైర్ల వంపులు ఒకదాన్ని చూసుకుని ఒకటి గీసినవి.

బిగింపు దగ్గర జరిగే తప్పులు టైరు తప్పుల కన్నా ఎక్కువ, అందుకని పని జరుగుతున్నప్పుడు పక్కనే నిలబడండి. మొదట బాణం. సైడ్‌వాల్ మీద తిరిగే దిశకు బాణం ఉంటుంది. కొన్ని ముందు టైర్ల గాడులు వెనక టైరు గాడులకు ఎదురు దిశలో కనిపిస్తాయి, దాన్ని చూసి తిరగేసి ఎక్కించేవాళ్లున్నారు. ముందు టైరు మీద పడే పెద్ద బలం బ్రేకుది, వెనక టైరు మీద ఇంజిన్ తోపుది, ఆ రెండూ ఎదురెదురు. అందుకే గాడులు అలా ఉంటాయి. బాణాన్నే నమ్మండి. తర్వాత వాల్వు: రబ్బరు వాల్వు ప్రతి టైరు మార్పుకూ కొత్తది వేయాలి, లోహపు వాల్వయితే దాని రబ్బరు రింగు మార్చాలి. పాత వాల్వు మొదట్లో పగిలి గాలి పోయేది సరిగ్గా వేగంగా వెళ్తున్నప్పుడే, ఎందుకంటే చక్రం వేగానికి అది బయటికి వంగుతుంది.

టైరు అంచు రిమ్ములో కూర్చోవడానికి దానికోసం చేసిన జారుడు ద్రవమే పూయాలి. గ్రీజు, ఇంజిన్ ఆయిలు, పెట్రోలు రాయనివ్వకండి. అవి రబ్బరును తింటాయి, పైగా గట్టిగా బ్రేకు వేసినప్పుడు రిమ్ము లోపల టైరు జారి తిరుగుతుంది. గాలి కొట్టినప్పుడు రెండు వైపులా టప్పుమని శబ్దం వస్తుంది. అంతటితో సరిపోదు. రిమ్ము అంచుకు పక్కనే టైరు మీద సన్నటి గీత ఒకటి చుట్టూ ఉంటుంది, అది రిమ్ము నుంచి అన్ని చోట్లా ఒకే దూరంలో ఉందో లేదో చక్రం తిప్పి చూడండి. ఒకచోట లోపలికి పోయి ఉంటే గాలి తీసేసి, ద్రవం పూసి, మళ్లీ కూర్చోబెట్టాలి. కూర్చోవడం లేదని కంపెనీ చెప్పిన పరిమితి దాటి గాలి కొట్టడం ప్రాణాపాయం, అంచు తీగ తెగితే రిమ్ము దగ్గర ఉన్న చేతులు మిగలవు.

బ్యాలెన్సింగ్ రెండు చక్రాలకూ చేయించండి, వెనకదానికి అవసరం లేదనే మాట వినకండి. టైరు మీద రంగు చుక్క ఉంటే అది తేలికైన చోటు, వాల్వు పక్కకు వచ్చేట్టు ఎక్కిస్తే తక్కువ తూకాలతో సరిపోతుంది. చుక్క లేని టైర్లు కూడా ఉంటాయి, అది లోపం కాదు. ఎక్కువ తూకం అడిగితే టైరును రిమ్ము మీద సగం చుట్టు తిప్పి మళ్లీ చూడమనండి. చక్రం చేతిలో ఉండగానే బేరింగులో వేలు పెట్టి తిప్పండి. గరగర, పట్టేసినట్టు ఉంటే ఇప్పుడే మార్చడం చవక. వెనక చక్రం స్ప్రాకెట్ కింది రబ్బరు దిమ్మలు కూడా చూడండి. చక్రం ఎక్కించాక యాక్సిల్‌ను టార్క్ రెంచితో (బిగువు కొలిచే పానాతో) మాన్యువల్ చెప్పినంతే బిగించాలి, చైను బిగువు, చక్రం వరస సరిచూడాలి. బైకు కదిలించే ముందు బ్రేకు లీవరు, పెడలు గట్టిపడేదాకా నొక్కాలి. కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) తీసి పెట్టాక దాని పిస్టన్లు వెనక్కి పోయి ఉంటాయి, మొదటి నొక్కుకు బ్రేకు ఉండదు.

గాలి. ఇంత మంచి టైరు కొని అంతా పాడు చేసేది దీనితోనే. బైకు కనీసం మూడు గంటలు నిలిచి ఉన్నాక, చల్లటి టైరులో, మీ సొంత గేజుతో చూడాలి. ఎంత ఉండాలన్నది మాన్యువల్‌లో, లేదా స్వింగ్‌ఆర్మ్ మీద, చైను గార్డు మీద అతికించిన కాగితంలో ఉంటుంది. 120/70, 180/55 టైర్ల బైకులకు చాలాచోట్ల ముందు 36, వెనక 42 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అని కనిపిస్తుంది, కానీ మీ బైకుకు రాసిందే మీకు ప్రమాణం. సైడ్‌వాల్ మీద ఉండే గరిష్ఠ అంకె టైరు తట్టుకునే హద్దు, రోజూ నింపుకోవలసిన కొలత కాదు. టైరు వేడి 10 డిగ్రీలు మారితే గాలి సుమారు 1.7 పీఎస్ఐ మారుతుంది. మధ్యాహ్నం వేడి మీద 36 నింపి, మర్నాడు చలి ఉదయం బయల్దేరితే టైరులో ఉన్నది 33 కావచ్చు.

సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. చల్లగా ఉన్నప్పుడు కొలిచి, అరగంట మామూలు వేగంతో నడిపి, ఆగిన వెంటనే మళ్లీ కొలవండి. 36 ఉన్నది 39, 40 అయితే సరిగ్గా ఉంది, అంటే పదోవంతు పెరుగుదల. 43, 44కి పోయిందంటే చల్లగా ఉన్నప్పుడు గాలి తక్కువై టైరు ఎక్కువగా వంగి కాగుతోంది. కాగిన టైరులోంచి మాత్రం గాలి తీయకండి. చల్లారాక ఇంకా తగ్గిపోతుంది, మర్నాడు మరింత కాగుతుంది. ట్రాక్ మీద 30కి తగ్గిస్తారని విని రోడ్డు మీద తగ్గించడం కూడా ఇలాంటి పొరపాటే. అక్కడ టైరును దుప్పట్లతో ముందే కాచి దింపుతారు, గుంతలూ ఉండవు. గాలి తక్కువైన ముందు టైరుతో గుంత అంచును కొడితే వంగేది రిమ్ము.

కొత్త టైరును మొదటి 150 కి.మీ. నిదానంగా నడపాలి. పైపొర నున్నగా ఉంటుంది, అంచుకు పూసిన ద్రవం ఆరాలి, లోపలి పొరలు సర్దుకోవాలి. కొంచెం కొంచెంగా ఎక్కువ వాలుస్తూ పోవాలి, ఎందుకంటే నిటారుగా ఎంత దూరం నడిపినా భుజాల రబ్బరు తాకనే తాకదు. గరుకు కాగితంతో రుద్దడం, ద్రావకాలతో తుడవడం వద్దు. టైరు నల్లగా మెరవాలని పూసే పాలిష్ బైకుకు అసలు పూయకూడదు. రోడ్‌అటాక్ 4 గరుకు పైపొరతో వచ్చినా, తెలియని టైరు మీద మొదటి రోజు నెమ్మదిగానే వెళ్లండి.

అరుగుదలను చదవడం నేర్చుకుంటే తర్వాతి జత ఎంపిక తేలికవుతుంది. గాడి అడుగున చిన్న మెట్టులా ఉండేది అరుగుదల గుర్తు. బైకు టైర్లలో సాధారణంగా 0.8 మి.మీ. దగ్గర ఉంటుంది. చట్టం అడిగే లోతు దేశాన్ని బట్టి అంతకన్నా ఎక్కువ ఉండొచ్చు. మా సలహా 2 మి.మీ. దగ్గరే మార్చేయడం, ఎందుకంటే నీళ్లను తోసే శక్తి గుండు కావడానికి చాలా ముందే పోతుంది. వెనక టైరు మధ్యలో బల్లపరుపుగా అరిగితే అది హైవే వాడకం, ఎక్కువ బరువు. అలా చదునైన టైరు నిటారు నుంచి వాలడానికి మొరాయించి, అంచు దాటగానే ఒక్కసారిగా పడిపోతున్నట్టు అనిపిస్తుంది. ఇలా అరిగేవాళ్లు తర్వాత మధ్య రబ్బరు గట్టిగా ఉన్న రోడ్ 6, రోడ్‌స్మార్ట్ 4 వైపు పోవాలి. భుజాలు ముందు అరిగేవాళ్లకు ఏంజెల్ జీటీ 2, రోడ్‌అటాక్ 4 సరిపోతాయి. ముందు టైరు ముక్కలు ఒక అంచు ఎత్తుగా, ఒక అంచు పల్లంగా అరిగి, బైకు నెమ్మదించేటప్పుడు హ్యాండిల్‌లో వణుకు, హోరు వస్తే ముందు గాలి చూడండి. గాలి సరిగ్గా ఉంటే ఫోర్కు ఆయిలు పాతదై ఉంటుంది. దాన్ని మార్చకుండా ఎంత మంచి టైరు వేసినా మళ్లీ అలాగే అరుగుతుంది.

పంచరైతే, ట్రెడ్ మధ్యలో 6 మి.మీ. లోపు రంధ్రానికి టైరు విప్పి లోపలి నుంచి పుట్టగొడుగు ఆకారపు ప్లగ్గు వేయించుకోవచ్చు. బయటి నుంచి దూర్చే తాడు దుకాణం దాకా చేరడానికే, ఆ తర్వాత నెలలపాటు దాని మీద తిరగడానికి కాదు. భుజం మీదో సైడ్‌వాల్ మీదో తెగితే టైరు ఎంత కొత్తదైనా మార్చాల్సిందే. గాలి లేకుండా కొంత దూరం నడిచిన టైరును విప్పి లోపలి గోడ చూడండి. అక్కడ రబ్బరు పొడి రాలి, వలయంలా నలిగిన గుర్తు ఉంటే రంధ్రం ఎంత చిన్నదైనా ఆ టైరుకు అతుకు వేయించొద్దు.